కొమ్ము పోయిన మాట

రమణమూర్తికి నోరు జారే అలవాటు లేదు. కళాసీలు బస్తాలు మోసే చోట బూతు లేకుండా పూట గడవదు గానీ, ఆయన మాత్రం ఎవరినీ ఒక్క పొల్లు మాట అన్న పాపాన పోలేదు. అలాంటి మనిషిని చివరికి ఆ నోరే ముంచింది. పోనీ అబద్ధమాడి మునిగాడా అంటే అదీ కాదు. జరిగింది జరిగినట్టు చెప్పి మునిగాడు.

పోర్టు వెనకాల రోడ్డులో ఎరువుల గోడౌన్ ఒకటుంది. ఓడల్లో దిగిన యూరియా లారీలెక్కి వచ్చి అక్కడ బస్తాల గుట్టలవుతుంది. దానికి రమణమూర్తి సూపర్‌వైజరు. ఎన్ని లారీలొచ్చాయి, ఎన్ని వెళ్ళాయి, ఏ బస్తాలు చిరిగాయి, ఎవరికేం దెబ్బ తగిలింది, ఇవన్నీ షిఫ్టు దిగేముందు రాసి విజయవాడ హెడ్డాఫీసుకి పంపడం ఆయన పని. చాలా ఏళ్ళు ఆ పని ఒక పాత ల్యాప్‌టాప్ మీద సాగింది. మీటల మీద అక్షరాలు అరిగిపోయి, సందుల్లో యూరియా దుమ్ము పట్టి, మూత తెరిస్తే కీచుమనేది. రెండు చూపుడువేళ్ళతో, కోడి గింజలేరినట్టు, ఒక్కో మీటా వెతికి కొట్టేవాడు. ఒక పేరా రాసేసరికి నడుం పట్టేసేది.

అయితే ఆ తిప్పల్లో ఒక మేలుంది. అది పోయాక గానీ ఆయనకి తెలియలేదు. తగరపువలస అవతల పల్లెలో పుట్టి పెరిగిన మనిషి కదా, ఆయనకి తెలుగులు రెండు. బళ్ళో మేస్టారు చెవి మెలేసి నేర్పిన తెలుగు చేతిలో ఉంది. అమ్మ నేర్పిన తెలుగు నోట్లో ఉంది. చెయ్యి 'వస్తున్నాను' అని రాస్తుంది, నోరు 'వత్తన్నాను' అంటుంది. ఒకే ఇంట్లో ఉంటూ మొహామొహాలు చూసుకోని తోడికోడళ్ళలాగా అవి రెండూ దేని పని అది చేసుకుపోయేవి. ల్యాప్‌టాప్‌కి తెలిసింది చేతి తెలుగే.

అలా ఉండగా టాబ్లెట్లు దిగాయి. మేనేజరు ఉమాశంకర్ గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. ఒక టాబ్లెట్ తెచ్చి రమణమూర్తి చేతిలో పెట్టాడు.

"వారం రోజులు వాడి చూడండి మూర్తిగారూ. ల్యాప్‌టాప్ చేసే పనంతా ఇది చేస్తుందో లేదో మీరే చెప్పాలి. మీరు సరేనంటే మిగతా గోడౌన్లకీ ఇవే కొనేస్తారంట."

వారం అక్కర్లేకపోయింది. లారీ ముందు నిలబడి ఫొటో తీస్తే నంబరు అదే రాసుకుంటుంది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు వరసగా వచ్చి కూర్చుంటాయి. 'నాను' అంటే 'నేను' అని, 'సేపలు' అంటే 'చేపలు' అని దిద్దుకుంటుంది కూడా. చివర్లో తెర మీద వేలు నొక్కితే సంతకం. రమణమూర్తి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"దీని ముందు అదెందుకండి సార్. నడుం నొప్పి ఒగ్గేసింది. ఆ ల్యాప్‌టాపు పట్టుకెలిపోండి," అన్నాడు.

పట్టుకెళ్ళిపోయారు. ఆయన మాట మీదే అన్ని గోడౌన్ల నుంచీ వ్యానులో వేసి పట్టుకెళ్ళిపోయారు.

ఆ తరవాత కొన్ని నెలలకి అశోక్ పడ్డాడు. కళాసీల్లో అశోక్ అంటే రమణమూర్తికి కాస్త ఎక్కువ. ఒకే వైపు పల్లెలు. 'బావా' అని పిలిచి, తెచ్చుకున్న చద్దన్నంలో సగం పెట్టే చనువు. ఆ మధ్యాహ్నం మిగతావాళ్ళు భోజనాలకి వెళ్తే, ఈ ఇద్దరే మిగిలి చిరిగిన బస్తాలు వేరు చేస్తున్నారు. అశోక్ గుట్ట మీద ఉన్నాడు. నిచ్చెన లేదు. కావాలని రమణమూర్తి అడగని నెల లేదు, అది వచ్చిన నెలా లేదు. రమణమూర్తి కింద వరస మీద నిలబడి, అశోక్ చెయ్యి పట్టుకుని మెల్లగా దింపుతుంటే బస్తా కదిలింది. వాడు జారాడు. ఈయన చెయ్యి వదల్లేదు, పైకి లాగబోయాడు. చెమట చెయ్యి నిలవలేదు. కింద సిమెంటు నేల మీద అశోక్ కాలు వంకర తిరిగిపోయింది.

దెబ్బ తగిలితే అప్పటికప్పుడు రాసి పంపాలని రూలు. వాణ్ణి ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పోతూ, ఒళ్ళో వాడి తల, చేతిలో టాబ్లెట్. కళ్ళజోడు గోడౌన్‌లో బల్ల మీద ఉండిపోయింది. మైకు నొక్కి జరిగింది చెప్పాడు. వేలు నొక్కాడు. వెళ్ళిపోయింది.

మర్నాడు ఉమాశంకర్ గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఆ రిపోర్టు చూపించాడు. రమణమూర్తి ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

'అశోక్‌ని బస్తాల మీద నుంచి కిందకి దింపి తన్నాను. పడిపోయాడు. కాలు విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళి తన్నాను.'

మొదట నవ్వొచ్చింది ఆయనకి. నిజంగానే నవ్వాడు.

"ఇదేటండి సార్, ఆస్పత్రికి కూడా తీస్కెలి తన్నీసినానా? నాను దింపుతన్నాను అన్నాను. తీస్కెలతన్నాను అన్నాను."

ఉమాశంకర్ నవ్వలేదు. ఆ నవ్వకపోవడం చూసి రమణమూర్తి నవ్వు సగంలో ఆగింది.

"నాకు తెలుసండి మూర్తిగారూ. ఈ ఊరొచ్చిన కాణ్ణించీ మీ మాటలు వింటున్నవాణ్ణి, ఆ మాత్రం తెలీదా? 'తు'కి కొమ్ము పోయింది, అంతే."

"మరైతే హెడ్డాఫీసోలకి సెప్పండి సార్."

"ఏమని చెప్పమంటారండి? తన్నలేదు, ప్రమాదం అని చెప్తే, అంత ఎత్తు గుట్టకి నిచ్చెన ఏదని అడుగుతారు. తనిఖీలొస్తాయి. గోడౌన్‌కి తాళం పడుద్ది. ఇంతమంది కళాసీలు ఏవైపోవాలండి?" గొంతు తగ్గించాడు. "మీరు చెప్పేది నేను కాదనను. అలాగని నా అంతట నేను రాసీ ఇవ్వను. ఎంక్వైరీలో మీరే తేల్చుకోండి."

అరిచి మీద పడితే తిరగబడొచ్చు. మెత్తగా, మర్యాదగా, అండీ అండీ అంటూ తలుపు మూసేవాడిని ఏం చెయ్యాలో రమణమూర్తికి తెలియలేదు. పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. కాలు విరిగేలా తన్నాడంటే పోలీసు కేసు. కేసు సంగతి అలా ఉంచినా, కళాసీని తన్నిన సూపర్‌వైజరు అనే పేరు. పోర్టు రోడ్డులో ఆ పేరుతో ఒక్క రోజు కూడా తిరగలేడు. ఆ భయమే ఆయన్ని ఎక్కువ తిన్నది.

పంపిన రిపోర్టు దిద్దడానికి లేదు. చెప్పిన మాటైనా మళ్ళీ విందామంటే, మాటని అక్షరం చేశాక టాబ్లెట్ ఆ మాటని పారేస్తుందట. సంజాయిషీ ఇంకొకటి పంపుకోవచ్చు, అదీ ఆ టాబ్లెట్ మీదే. రమణమూర్తి దువ్వాడ స్టేషను పక్కన తన ఇంటికెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని, మైకు నొక్కాడు.

"నాను తన్నలేదండి. దింపుతన్నాను అనే సెప్తన్నాను."

'నేను తన్నలేదండి. దింపి తన్నాను అనే చెప్పి తన్నాను,' అని రాసింది.

చెరిపేశాడు. మూతి గుండ్రంగా పెట్టి, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు, "దిం-పు-తున్-నా-ను" అన్నాడు. నెలల తరబడి ఈయన గొంతు వినీ వినీ అలవాటు పడిన వస్తువది. 'దింపి తన్నాను,' అంది. రైలు కూత వినిపించకుండా కిటికీ మూసి మళ్ళీ అన్నాడు. మళ్ళీ తన్నింది. సరే, వేళ్ళతోనే కొడదామని కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ మీటకి గుంట ఉండేది, వేలు ఎక్కడుందో వేలికి తెలిసేది. ఈ గాజు మీద బస్తాలు పట్టిన బండవేలు ఒకటి నొక్కితే రెండు పడుతున్నాయి. పైగా 'చె' అని కొట్టగానే, నీకు కావలసింది ఇదే కదా అన్నట్టు 'చెప్పి తన్నాను' అని తెచ్చి ముందు పెడుతోంది. పగలంతా కూర్చుని, ఒక్కో కొమ్మూ చూసి చూసి, నాలుగు వాక్యాలు తప్పు లేకుండా రాసి పంపాడు. ఆ ఒక్క రోజులో పాత ల్యాప్‌టాప్‌ని ఎన్నిసార్లు తలుచుకున్నాడో.

విజయవాడ నుంచి ఫోనొచ్చింది. ఎంక్వైరీ ఆఫీసరు ఇంద్రజ. కృష్ణా జిల్లా మనిషి, మాట స్పష్టం. కటువుగా ఏమీ మాట్లాడలేదు.

"మూర్తిగారూ, మొదటి రిపోర్టు జరిగిన గంటలోపే మీ నోటితో చెప్పింది. రెండోది ఆలోచించుకుని రాసింది. నేను దేన్ని నమ్మాలి?"

"మేడం, మా భాష అలగుంతాదండి. నాను నిజమే సెప్తన్నాను." అని, తన నోట్లోంచి వచ్చిన ఆ చివరి మాట విని తానే ఉలిక్కిపడ్డాడు.

"చూడండి, నేనేమీ మీకు శత్రువుని కాను. అశోక్ ఆస్పత్రిలో స్పృహలోనే ఉన్నాడు కదా. నేనే వచ్చి వాంగ్మూలం తీసుకుంటాను. అతను సొంతంగా చెప్పాలి, రాసింది అతనికి వినిపిస్తాం, సరే అని వేలు వెయ్యాలి. అతను తన్నలేదంటే మీ మీద ఏమీ ఉండదు. మీరు అక్కడ ఉండొచ్చు, కానీ నోరు విప్పకూడదు. విప్పితే సాక్షిని బెదిరించినట్టే లెక్క. అంతదాకా అతన్ని కలవకండి."

ఫోను పెట్టేశాక మొదట గుండె తేలికపడింది. అశోక్ తన కోసం ప్రాణమిస్తాడు. ఇంకేం కావాలి? ఆ తరవాత, వాడు ఎలా మాట్లాడతాడో గుర్తొచ్చింది. వాడికి చేతి తెలుగు లేనే లేదు. బడి మొహం చూసింది తక్కువ. వాడి నోట ఉన్నదల్లా అమ్మ తెలుగే, అదీ తనకన్నా చిక్కగా.

ఇంట్లో కూడా జాగ్రత్తగా మాట్లాడ్డం మొదలెట్టాడు. అలవాటైతే నోరు దారికొస్తుందని ఆశ. అన్నం పెట్టనా అని భార్య జ్యోతిర్మయి అడిగితే, "చేతులు కడుక్కుంటున్నాను, వస్తున్నాను," అన్నాడు. ఆవిడ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎవులితో మాట్లాడతన్నారు? ఫోనులో ఎవులేనా ఉన్నారేటి?"

అశోక్‌ని కలవకూడదు సరే, వాళ్ళమ్మని కలవకూడదని ఎవరూ అనలేదు. దేముడమ్మ వార్డు బయట వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అశోక్ బావా అంటాడు కాబట్టి ఆవిడ ఈయనకి అత్త. రమణమూర్తి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఇన్నాళ్ళ సాధనతో మూతి సవరించుకుని మొదలెట్టాడు.

"అత్తా, అశోక్ ఎలా ఉన్నాడు? మీతో ఒక విషయం చెప్పాలని వచ్చాను. రేపు మేడం వచ్చినప్పుడు, మనవాడు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలి. దింపుతున్నాడు, లాగుతున్నాడు అని ఒత్తి పలకాలి. మీరు వాడికి నేర్పాలి."

దేముడమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నన్ను 'మీరు' అంతావేటి బాబూ? ఎప్పుడూ లేనిది ఇయ్యాల కోరుటు మాటలాడతన్నావు." కాస్త వెనక్కి జరిగింది. "జరిగింది జరిగినట్టు సెప్పమనక, పుస్తకంలో ఉన్నట్టు సెప్పమంతావేటి? నా కొడుకుని నివ్వే తన్నీసినావని గోడౌన్‌లో అంతన్నారు. నాను నమ్మలేదు. ఇప్పుడు నివ్వొచ్చి ఏటి సెప్పాలో నేర్పుతంటే, నానేటి అనుకోవాలి?"

రమణమూర్తి తన భాషలో చెప్తే పైవాళ్ళు నమ్మరు. వాళ్ళ భాషలో చెప్తే తనవాళ్ళు నమ్మరు. ఇక మిగిలిందేమిటి, మూగతనం.

"అత్తా, అది కాదు, నాను..." అని సొంత మాటలోకి దిగేలోపే ఆవిడ లేచి లోపలికెళ్ళిపోయింది. తలుపు సందులోంచి ఆవిడ కొడుకుతో అనడం వినిపించింది. వాడి జవాబూ వినిపించింది.

"బావ బయంతో ఏదో వాగినాడే. పుస్తకమూ వొద్దు, ఏటీ వొద్దు. నాను జరిగింది జరిగినట్టే సెప్తాను. మన మాటలోనే సెప్తాను. బావకేటీ అవ్వదు."

వాడి మంచితనానికి ఏడవాలో మొత్తుకోవాలో ఈయనకి అర్థం కాలేదు. లోపలికి వెళ్ళడానికి లేదు. వెళ్ళి చెప్పినా అది బెదిరించడమే. వరండాలో అటూ ఇటూ నాలుగడుగులు తిరిగి బస్సెక్కి ఇంటికొచ్చాడు.

మర్నాడు పొద్దున్న ఎముకల వార్డులో అశోక్ మంచం చుట్టూ అంతా చేరారు. ఇంద్రజ కుర్చీ వేసుకుని టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుంది. ఉమాశంకర్ బత్తాయిల సంచీతో గోడవార నిలబడ్డాడు. దేముడమ్మ తల వైపు. రమణమూర్తి కాళ్ళ వైపు, తెర కనబడే చోట. కట్టు కట్టిన కాలు మధ్యలో ఎత్తుగా ఉంది.

"భయపడకుండా చెప్పండి అశోక్. ఆ రోజు ఏం జరిగింది?"

అశోక్ గొంతు సవరించుకున్నాడు. రమణమూర్తి వైపు చూసి, నేనున్నానన్నట్టు కన్ను గీటాడు.

"అమ్మా, నాను గుట్ట మీదున్నాను. బావ నన్ను దింపుతన్నాడు. బస్తా కదిలీసి జారిపోనాను. బావ నా సెయ్యి ఒగ్గలేదు. సెయ్యట్టుకుని లాగుతన్నాడు. నాను పడిపోనాను. బావ నేకపోతే నాను సచ్చిపోదును."

తెర మీద అక్షరాలు పడుతున్నాయి. రమణమూర్తి తలకిందులుగా చదువుకున్నాడు. 'బావ నన్ను దింపి తన్నాడు. బస్తా కదిలి జారిపోయాను. బావ నా చెయ్యి వదల్లేదు. చెయ్యి పట్టుకుని లాగి తన్నాడు. నేను పడిపోయాను. బావ లేకపోతే నేను చచ్చిపోదును.' ఇంద్రజ చెవి కన్నా కన్ను ముందుంది, అక్షరాలే చూస్తోంది. రెండో తన్ను దగ్గర ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. రమణమూర్తి ఉమాశంకర్ వైపు చూశాడు. ఆ గదిలో తను కాక ఇటు మాటా అటు అక్షరమూ రెండూ తెలిసినవాడు ఆయనొక్కడే. ఉమాశంకర్ కిటికీ వైపు తిరిగి, సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మీరు చెప్పింది ఇదేనా వినండి," అని ఇంద్రజ తెర మీద నొక్కింది.

రమణమూర్తికి ఊపిరి తిరిగొచ్చింది. వినిపిస్తే వాడే పట్టుకుంటాడు. లాగి తన్నాడని చెవిన పడగానే, అదేటమ్మా, తన్నడమేటి అంటాడు. అక్కడితో ఈ పీడ వదిలిపోతుంది. దేవుడా, గట్టిగా పలికించు అనుకున్నాడు.

టాబ్లెట్ తన ఆడగొంతుతో, మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకుండా, గడగడా చదివేసింది. బావనన్నుదింపితన్నాడు. చెయ్యిపట్టుకునిలాగితన్నాడు.

అశోక్ శ్రద్ధగా విన్నాడు. వాడి చెవికి అది అచ్చంగా వాడి మాటే. పుట్టిన దగ్గర్నుంచి ఊరంతా అన్నదీ, అమ్మ అన్నదీ ఆ మాటే. అందులో తన్ను ఎక్కడుంది?

"ఇంకో పాలి ఇనిపించండమ్మా," అన్నాడు, జాగ్రత్తపరుడిలా. ఇంకోసారి వినిపించింది. వాడి మొహం వికసించింది. "అంతేనమ్మా. నాను సెప్పిందే. ఒక్క ముక్క అటూ ఇటూ అవ్వలేదు."

దేముడమ్మ కూడా తలూపింది. "అదేనమ్మా, ఆడు మొదట్నించీ అదే సెప్తన్నాడు."

ఇంద్రజ ఒకసారి రమణమూర్తి వైపు చూసింది. ఫోనులో ఉన్న మెత్తదనం ఆ చూపులో లేదు. కుర్చీ ఆయనకి కాస్త దూరంగా జరుపుకుని, టాబ్లెట్ అశోక్ ముందు పెట్టింది. "సరే అయితే, ఇక్కడ వేలు నొక్కండి."

వాడి వేలు లేచింది. రమణమూర్తి ఇక ఆగలేకపోయాడు.

"అశోకూ, ఆగరా. నొక్కకు. అందులో ఉన్నది..."

"మూర్తిగారూ." ఇంద్రజ చెయ్యెత్తింది. "చెప్పాను మీకు. నా ఎదురుగానే సాక్షిని ఆపుతున్నారా?"

బావ మీద ఆ మేడం గొంతు లేచేసరికి అశోక్‌కి రోషమొచ్చింది. తన మాట తీసుకోకుండా బావని ఇరికించాలని చూస్తున్నారనుకున్నాడు. "నివ్వుండు బావా," అని, మోచేతి మీద లేచి, నొప్పికి పళ్ళు బిగించి, తెర మీద బొటనవేలు గట్టిగా, తెల్లబడేదాకా ఒత్తిపట్టాడు.

ఇంద్రజ టాబ్లెట్ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఉమాశంకర్ బత్తాయిలు మంచం కింద పెట్టి ఆవిడ వెనకే నడిచాడు. రమణమూర్తి మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెప్పడానికి ఎంతో ఉంది. ఏ మాటతో చెప్పాలో తెలియక, కళ్ళంబడి నీళ్ళు కారిపోయాయి.

దేముడమ్మ లేచొచ్చి ఆయన భుజం మీద చెయ్యేసింది. "నిన్ను అనుమానపడ్డాను బాబూ, మనసులో ఎట్టుకోకు."

అశోక్ దిండు మీద వాలి, అలసటగా, గర్వంగా నవ్వాడు.

"ఏడుత్తావేటి బావా. నాను సెప్పినాను కదా, ఇంక నిన్నెవుడూ ఏటీ సెయ్యలేడు."